ఒక్కటే మార్చి చూడు

ఎనభై ఒకటో సంవత్సరం వేసవి చివర్లో, మా వీధికి బోరింగు వచ్చిన రోజునే మా అలివేలత్త కూడా మా ఊరు నగరికి వచ్చింది. బోరింగుకు మేళం పెట్టించారు. అత్త పుత్తూరు బస్సు దిగి, రేకుపెట్టె చంకన పెట్టుకొని, ఆ మేళం వెనకాలే నడుచుకుంటూ మా గడప ఎక్కింది. ఇంట్లోవాళ్ళ కళ్ళన్నీ బోరింగు మీదే ఉన్నాయి కాబట్టి ఆమెకు కాళ్ళకు నీళ్ళిచ్చింది నేనే.

ఆ బోరింగు మా నాయన కుప్పయ్య సాధించింది. ఏళ్ళ తరబడి సమితి ఆఫీసు చుట్టూ తిరిగి, చెప్పులు అరగదీసి, చివరికి సరిగ్గా మా ఇంటి ముందరే వేయించాడు. మొదటి కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించారు. మా అవ్వ మునెమ్మ అరుగు మీద కూర్చుని చెబుతుంటే, అమ్మ దాని తలకు పసుపు పూసి బొట్టు పెట్టింది. గంగమ్మ మన వాకిట్లోకి వచ్చిందని అవ్వ అక్కడి నుంచే దండం పెట్టింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో దేవుడి పటాలకంటే ముందు బోరింగుకే బొట్టు. ఆ రోజు నీళ్ళు కొట్టుకున్నవాళ్ళందరి చేతులూ పసుపయ్యేవి.

మాది నూలుకు రంగు వేసే ఇల్లు. నేత వ్యాపారి గోవిందస్వామి మొదలియారు తెల్ల నూలు చుట్టలు, మా భాషలో చిలపలు, పంపిస్తే, నాయన రంగు వేసి తిరిగి ఇచ్చేవాడు. అవి అక్కడి నుంచి మగ్గాల మీదికి పోయేవి. ఎండాకాలం పని ఆగిపోతుంది. ఆడి నెలలో, అంటే జూలై నడిమి నుంచి, దీపావళి చీరల కోసం ఎరుపు పని మొదలవుతుంది, ఆ ఎరుపు మీదే మా ఏడాదంతా నడవాలి. రంగులన్నిటిలోకీ ఎరుపు పెంకిది. నూలును ముందు ఒక తొట్టిలో ముంచితే లేత పసుపుగా, ఏమీ జరగనట్టే ఉంటుంది. పిండి రెండో తొట్టిలో పెట్టగానే ఎరుపు ఒక్కసారిగా లేచి వస్తుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నా, ఆ క్షణంలో నేను నోరు తెరుచుకుని నిలబడిపోయేదాన్ని.

రంగు కొట్టానికి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. బయట చేరినవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు ఆ గడప తొక్కకూడదు, తొక్కితే రంగు విరుగుతుంది. దీన్ని అవ్వ ఇతరులకు చెప్పి తను తప్పించుకునే రకం కాదు. తాత పోయిన రోజు నుంచి తను కూడా కొట్టంలోకి వెళ్ళలేదు. బయట అరుగు మీద కూర్చుని, వాసనను బట్టి, చప్పుడును బట్టి లోపలి నాయనకు పని చెప్పేది. అలివేలత్త అవ్వకు కడగొట్టు కూతురు. అంతకు ముందు ఏడు ఆమె భర్త పోయాడు, ఆ ఇంట్లో ఇక చోటు లేదన్నారు. అవ్వ కూతుర్ని కడుపులో పెట్టుకుంది, కానీ కొట్టం వైపు మాత్రం వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. అత్త సరేనంది.

జూన్‌లో బడి తెరిచారు. నేను ఏడో తరగతి. ఏడంటే జిల్లా మొత్తానికి ఒకే పరీక్ష, అందుకని ఇంట్లోనూ బడిలోనూ అందరి నోటా పాసు అనే మాట ఒకటే. ఆ ఏడు సైన్సుకు జయరావు సారు కొత్తగా వచ్చాడు. చిత్తూరు మనిషి. ఆదివారం చర్చికి వేసుకున్న తెల్ల చొక్కానే సోమవారం బడికీ వేసుకొచ్చేవాడు, మడతలు కూడా చెదిరేవి కావు. మొదటి రోజు పుస్తకం తెరవకుండా, సైన్సు చదివి మీకేం కావాలో చెప్పమని ఒక్కొక్కరినీ లేపాడు. ధనంజయ రేడియో బాగు చేయడం రావాలన్నాడు. నన్ను లేపితే, పాసయితే చాలు సార్ అన్నాను.

సారు నవ్వలేదు. "అది గవర్నమెంటుకు కావాల్సింది, చంద్రకాంతా. పాసు చేయిద్దాం. నాక్కావాల్సింది వేరే ఒకటి ఉండాది. ఏడాది తిరిగేలోపల మీ ఇంట్లో ఎవురో ఒకరు, ఏదో ఒక సంగతి నమ్మేదానికి ముందర చేసి చూడాల. మీరు గాదు, మీ ఇంట్లోవాళ్ళు. అది జరిగితే నేను పాసయినట్టు."

ఆ తర్వాత చేసి చూడడమంటే ఏమిటో చెప్పాడు. చూడదలుచుకున్నది ఒక్కటే మార్చాలి, మిగతాదంతా ఎట్లా ఉన్నది అట్లాగే ఉంచాలి, వచ్చిన ఫలితం నచ్చినా నచ్చకపోయినా మళ్ళీ చేయాలి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది కారణమో చిత్రగుప్తుడికి కూడా తెలియదన్నాడు. ఒక్కటే మార్చు, మళ్ళీ చేయి అని బోర్డు మూలన రాసి, ఏడాదంతా తుడపొద్దన్నాడు. మేం ఇంటర్వెల్లో పడీపడీ నవ్వుకున్నాం. ఇంట్లో మా మాట వినేదెవరని.

ఆడి నెల వచ్చింది. తిరుత్తణి గుడికి పోయే మొక్కు కావళ్ళు మా వీధిలోంచి వెళ్ళిన మర్నాడు నాయన ఆ ఏడాది మొదటి ఎరుపు వేశాడు. ముందటేడు వరకూ ఊరి బయట మునిరామయ్య తోట బావి నుంచి కావడితో మోసుకొచ్చిన నీళ్ళు వాడేవాడు. ఇప్పుడు వాకిట్లోనే గంగమ్మ ఉంది. నాయన దర్జాగా బోరింగు కొట్టి తొట్లు నింపాడు. రెండో తొట్టిలో పెట్టగానే ఎరుపు లేవనైతే లేచింది కానీ, ఆరాక చూస్తే ఒక చోట ముదురు, ఒక చోట వెలిసిన ఇటుక రంగు, మధ్యలో మచ్చలు. మొదలియారు చిలపను వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా మూటను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన తిట్టి ఉంటే నాయనకు అంత నామోషీ అయ్యేది కాదు.

రెండోసారి నాయన అన్నీ మార్చేశాడు. రంగు పొడి వేరే అంగట్లో తెచ్చాడు, తొట్టి చోటు మార్చాడు, కర్రలు కొత్తవి పెట్టాడు, గడపకు వేపమండలు కట్టి నిమ్మకాయ కోశాడు. నీళ్ళు మాత్రం అవే. మళ్ళీ మచ్చలే వచ్చాయి. ఇంట్లో మిగతావి కూడా ఆ నెలలో ఏవీ సవ్యంగా లేవు. కందిబేళ్ళు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండేవి, అమ్మ బాలసుబ్రమణ్యం చెట్టియారు పాత సరుకు అంటగడుతున్నాడని అతని అంగడికే వెళ్ళి దులిపేసి వచ్చింది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, నేను సబ్బును తిట్టాను. అందరికీ తిట్టడానికి ఒకటి దొరికింది. ఎరుపు చెడిపోయినందుకు అవ్వకు దొరికింది అలివేలత్త.

అత్త కొట్టంలోకి వెళ్ళలేదు, ఆ మాట అవ్వ కూడా ఒప్పుకుంది. కానీ పెరట్లోకి పోవాలంటే కొట్టం ముందు నుంచే పోవాలి, ఆ గాలి సోకిందని అవ్వ తేల్చింది. మద్రాసులో అవ్వ చెల్లెలి కొడుకు ఇంట్లో వంటకు మనిషి కావాలన్నారు. వచ్చే శుక్రవారం అత్తను అక్కడికి పంపేద్దామని, ఆమె వడ్డిస్తుండగానే అనుకున్నారు. అత్త చేతిలో గరిటె ఆగలేదు. ఈ మూడు నెలల్లో నా జడ అల్లింది అత్త, నా పక్కన పడుకుని పుత్తూరు కబుర్లు చెప్పింది అత్త. ఆమె వెళ్ళిపోతుందంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు బడిలో నీళ్ళ పాఠం. ఎవరింటి నీళ్ళు వాళ్ళు టానిక్ సీసాల్లో తెచ్చుకున్నాం. సారు అందరికీ ఒకే కొలత పోయించి, ఒకే సబ్బును సమంగా గీరి వేయించి, ఒకేలా ఊపమన్నాడు. తోట బావి నీళ్ళు తెచ్చిన ధనంజయ సీసాలో నురగ మూతి దాకా వచ్చింది. నా సీసాలో విరిగిన పాలలా ఏదో తేలింది, నురగ లేదు. పిల్లలు నవ్వారు. సారు నా సీసాను కిటికీలో పెట్టి, ఇవి కఠిన జలాలని, భూమి లోతుల్లోని సున్నం ఇందులో కరిగి ఉందని, తాగితే ఏం కాదని చెప్పాడు. ఈ నీళ్ళతో ఇంట్లో ఇంకేమేం తేడా వస్తోందో చూసి రమ్మన్నాడు. నాకు ముందు ఉడకని కందిబేళ్ళు గుర్తొచ్చాయి. ఆ వెంటనే ఎరుపు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర చెప్పాను. నాయన ముఖం మాడిపోయింది. ఇంటింటా దండం పెట్టించుకుంటున్న నీళ్ళకు కన్నకూతురే వంక పెడితే ఎవరికైనా అంతే. అవ్వ మాత్రం చివరిదాకా విని, "సబ్బు యాడ, ఎరుపు యాడ? మీ ఐవారు సబ్బును చూసినాడు. ఎరుపును చూసినాడా?" అంది. ఇప్పుడు ఆలోచిస్తే అది చాలా మంచి ప్రశ్న.

పెరట్లో గిన్నెలు తోముతూ అత్త నన్ను పిలిచింది. బోర్డు మూలన సారు రాసింది మళ్ళీ చెప్పమంది. చెప్పాను. తోముతున్న గిన్నెను పక్కన పెట్టింది.

"బోరింగూ నేనూ ఒకే దినం వచ్చినాము గదమ్మే" అంది. "రెండూ ఒకటే తూరి మారిపోయినాయి. ఇంక ఎవురిదో తప్పని ఎట్ట తెలస్తాది? ఒకటి తీసి సూడాల, ఇంకొకటి తీసి సూడాల."

సారు తరగతి మొత్తానికి చెప్పిన పాఠం నాకు అప్పుడు అర్థమైంది, అదీ ఏడో తరగతి చదవని మా అత్త చెబితే. ఆమె చేతులు కడుక్కుని నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళింది. ఒకరోజు తను ఊళ్ళో లేకుండా బోరింగు నీళ్ళతో ఎరుపు వేయమంది. ఇంకోరోజు తోట బావి నీళ్ళు తనే మోసుకొచ్చి, తనే నూలు ముంచుతానంది. "ఆ రెండోది విరిగితే నన్నెవురూ పంపబళ్ళేదు. నేనే బస్సెక్కుతా" అంది. కట్టుబాటు తప్పడమంటే అవ్వకు ఒళ్ళు కంపరం. కూతుర్ని పంపడం కూడా ఆమెకు ఇష్టం లేదని నాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే ఆమె వద్దనలేదు.

బుధవారం తెల్లవారే అత్తను కాణిపాకం పంపించారు. ఈ ఊరి గాలిలో కూడా ఉండకూడదని అవ్వ షరతు. నాయన పోయినసారి వాడిన పొడి, అదే కొలత, అవే తొట్లు, అవే కర్రలు పెట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఇంకేదీ మార్చనివ్వలేదు, నిమ్మకాయ కూడా కొత్తది కోయనివ్వలేదు. బోరింగు నీళ్ళతో వేసిన ఆ ఎరుపు మధ్యాహ్నానికి ఆరింది. అవే మచ్చలు. అవ్వ చిలపను ఒళ్ళో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పాత దోషం ఇంకా కొట్టంలో మిగిలి ఉందేమో అని నాయన గొణిగాడు.

"ఊరుకో కుప్పయ్యా. బిడ్డ లేదు గదా ఈ పొద్దు" అంది అవ్వ.

సాయంత్రం అత్త ప్రసాదంతో దిగింది. ఏమీ అడగకుండా దండెం మీద ఆరుతున్న చిలపల్ని చూసి, లోపలికి వెళ్ళి దీపం పెట్టింది. నాకు సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. నీళ్ళది తప్పని తేలినట్టే, కానీ అత్తది కాదని ఇంకా తేలలేదు. రెండిటిదీ తప్పు అయితే? సారు చెప్పిన పద్ధతిలో నాకు నచ్చనిది ఇదొక్కటే, మనం ఎవరి పక్షమో దానికి పట్టదు.

గురువారం ఎండ ఎక్కకముందే అత్త తోట బావి నుంచి కావడి మోయడం మొదలుపెట్టింది. నేను సాయం వస్తానంటే రానివ్వలేదు. తొట్లు నిండాయి. నాయన పొడులు కలిపి, నూలు పక్కన పెట్టి, గోడ వారగా నిలబడ్డాడు. అత్త చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని గడప దాకా వచ్చి ఆగిపోయింది.

"వద్దులే వదినా" అంది, గోడ పక్కనున్న మా అమ్మతో. "ఈ నూలు కూడా పాడయితే అన్న మొదలియారుకు మొకం ఎట్ట సూపిస్తాడు. నేను రేపు పోతాలే."

అరుగు మీద అవ్వ చేతికర్ర చప్పుడైంది. ఆమె లేచింది, మెల్లగా అరుగు దిగింది, అత్తను దాటి, గడప దాటి, కొట్టంలోకి వచ్చింది. తాత పోయాక ఆమె లోపలికి రావడం అదే మొదలు. తొట్టి దగ్గర నిలబడి నీళ్ళలో వేలు ముంచి చూసింది. ఆ తర్వాత అత్త చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, ఆమె పైట కొంగు రంగులో పడకుండా నడుముకు బిగించి దోపింది.

"రంగు సల్లారిపోతాది. ముంచు" అంది.

అత్త ముంచింది. మొదటి తొట్టిలో నూలు లేత పసుపుకు తిరిగింది. పిండింది, విదిలించింది, కర్రకు వేసి రెండో తొట్టిలోకి దించింది. ఎరుపు లేచింది. అదివరకూ లేచినప్పుడల్లా సంబరపడి ఆరాక మోసపోయాం కాబట్టి ఎవరూ నోరు విప్పలేదు. అవ్వ మాత్రం కదిలే ఆ నూలును చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ, తిప్పవే, ఒక పక్కే ఉంచితే ఎట్టా అని కసురుతూనే ఉంది. ఎండలో వేశాక మేమంతా పనులు మానుకుని దండెం చుట్టూ తచ్చాడాం. అన్నాల వేళకు చిలపలు ఆరాయి. కొస నుంచి కొస దాకా ఒకే ఎరుపు. నాయన చిలపను వెలుతురుకు పట్టి, మొదలియారు చూసినట్టే చూసి, చెల్లెలి చేతిలో పెట్టాడు. అత్త దాన్ని ముఖానికి ఆనించుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

శుక్రవారం మద్రాసు బస్సు అత్త లేకుండానే పోయింది. ఆ రోజు బోరింగుకు బొట్టు పెట్టాలా వద్దా అని అమ్మకు సందేహం వచ్చింది. అవ్వ గయ్యిమంది. ఊరందరికీ తాగడానికి నీళ్ళిస్తుంటే బొట్టు ఎందుకు పెట్టకూడదు, నూలుకు రంగు వేస్తానని గంగమ్మ ఎప్పుడైనా చెప్పిందా అని అడిగింది. నాయనకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. మా నీళ్ళు తాగడానికి, తోట బావి నీళ్ళు రంగుకు, పప్పుకు అని వీధిలో తనే చెప్పుకు తిరిగాడు. అమ్మ చెట్టియారు అంగడికి వెళ్ళి, ఆయన అడగకపోయినా, బేళ్ళు బాగా ఉడుకుతున్నాయని చెప్పి వచ్చింది.

నేను బడిలో ఈ కథంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. క్లాసంతా చప్పట్లు కొడతారనుకున్నాను, కొట్టారు కూడా. జయరావు సారు చివరిదాకా విని, బావి నీళ్ళతో ఎన్నిసార్లు చేశారని అడిగాడు. ఒకసారి అన్నాను. ఆయన వెనక్కి తిరగకుండానే బోర్డు మూలను చూపించి, పాఠంలోకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి అత్తకు చెప్పి, మీ ఎరుపు ఆయనకు చాలలేదంట అని ఉక్రోషపడ్డాను. అత్త నవ్వి, ఆయన అడిగేది న్యాయమే గదా అంది.

దసరా సెలవులకు ముందు రోజు సారు మా ఇంటికి వచ్చాడు. ఎర్ర చిలపలు వాకిలంతా ఆరుతున్నాయి, ఆయన తెల్ల చొక్కా తగలకుండా వంగి వంగి వాటి కింద నుంచి వచ్చి కొట్టం ముందు నిలబడ్డాడు. నాయన ఆ వేళ మొదలియారు దగ్గరికి పోయాడు. లోపల అత్త నూలు పిండుతోంది, మోచేతుల దాకా ఎరుపు. సారు ఒక చిలపను దండెం మీదే తిప్పి చూసి, ఆ తర్వాత ఇట్లా ఎన్నిసార్లు వచ్చిందమ్మా అని అడిగాడు.

"మళ్ళా చెయ్యమంటిరంట గదా సారూ" అంది అత్త, చేతిలో పని ఆపకుండా. "ఆ పొద్దు నుంచి చేస్తానే ఉండాను."

సారు నా వైపు తిరిగాడు. ఆయన మొహం అంత విచ్చుకోవడం నేను అదివరకు చూడలేదు. "అయితే నేను పాసయినట్టే, చంద్రకాంతా" అన్నాడు.

కొట్టం లోపల, తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చున్న మా అవ్వ తల ఎత్తింది.

"అప్పుడే యాడ పాసయినారు ఐవారా? ఇంకా రెండు చిలపలు ఉండాయి. అవి గూడా రానీండి."